కత్తెర పన్ను

టైలరమ్మకు కింది వరసలో ముందు పళ్ళు నాలుగూ బస్సులో సీటు కోసం తోసుకునే జనంలా ఒకదాని మీదొకటి ఎక్కి ఉండేవి. అందులో ఎడమవైపుది మాత్రం ఈ గొడవ నాకెందుకన్నట్టు పక్కకు తిరిగి, అంచు బయటపెట్టి నిలబడింది. పైపన్ను దిగి ఆ అంచు మీద వాలిందంటే మధ్యలో ఏ దారమున్నా తెగాల్సిందే. కుట్టు ముగుస్తుంది, తల వంగుతుంది, టిక్కుమంటుంది. ముప్పై ఏళ్ళుగా అదే వరస. ఇంట్లోవాళ్ళు దానికి కత్తెర పన్ను అని పేరు పెట్టారు. అసలు కత్తెర చేతికందే దూరంలో, బల్లమీద, పనిలేక పడుకుని ఉండేది.

ఈ అలవాటు ఆమె సరదాకి తెచ్చుకున్నది కాదు. పదిహేడేళ్ళ వయసులో కోట్ల ఫ్యాక్టరీలో చేరింది. వరసగా నలభై మిషన్లు. నలుగురికి కలిపి ఒకటే చిన్న కత్తెర, అదీ బల్లకు తాడేసి కట్టి. రోజుకు రెండొందల కాలర్లు కుట్టి అప్పజెప్పాల్సిన పిల్ల, కత్తెర తనదాకా వచ్చేవరకు కాచుకుని కూర్చుంటే పని తెమిలేదెప్పుడు? అందుకని ఆ వరసలో ఆడవాళ్ళందరూ పళ్ళతోనే కానిచ్చేవారు. అలా ఆరేళ్ళు కాలర్లు తప్ప ఇంకేమీ కుట్టలేదు. తాను కాలర్ వేసిన కోటు మొత్తంగా ఎలా ఉంటుందో బజార్లో ఎవరైనా తొడుక్కుని పోతుంటే చూసి తెలుసుకోవడమే.

పెళ్ళయ్యాక ఫ్యాక్టరీ మానేసి, ఇంటి కింద వీధివైపు గదిలో సొంత మిషను వేసుకుంది. అద్దాల కిటికీ, దాని ముందు మిషను, వెనక గుడ్డ కత్తిరించే పొడుగాటి బల్ల, మూలన ఇస్త్రీ పెట్టె, రేకు డబ్బానిండా గుండీలు. హోటళ్ళ యూనిఫారాలు, స్కూలు బట్టలు అన్నీ కుట్టేది గానీ, ఆమెకు పేరు తెచ్చినవి తెల్లకోట్లు. ఆమె కుట్టిన కోటు తొడుక్కుని చెయ్యి పైకెత్తితే కింది అంచు కదలదు. చంక దగ్గర కత్తిరింపు తెలిసినవాళ్ళకు ఇది ఎంత పెద్ద మాటో తెలుస్తుంది. తెలియనివాళ్ళు తమ కోటు వేసుకుని అద్దం ముందు ఒకసారి చెయ్యెత్తి చూసుకుంటే సరి.

మనిషి మంచిది, పనిలో దిట్ట. ఒక్కటే లోటు, నవ్వదు. నవ్వు రాక కాదు. వస్తే చెయ్యి నోటికి అడ్డం వెళ్ళిపోయేది. పెళ్ళి ఫొటోలో కూడా ఎవరో కాలు తొక్కినట్టు పెదాలు బిగించుకుని కూర్చుంది. నోటినిండా గుండుసూదులు పెట్టుకుని పనిచెయ్యడం ఆమెకు బాగా కలిసొచ్చింది. సూదులున్న నోటిని మాట్లాడమని ఎవరూ అడగరు, నవ్వమని అసలే అడగరు.

నలభై తొమ్మిదో ఏట బ్రష్షు మీద రక్తం కనిపించడం మొదలైంది. మొదట గట్టిగా తోమానేమో అనుకుంది. తరవాత మెత్తగా తోమినా వచ్చింది. తెల్ల గుడ్డ మీద ఎర్ర చుక్క పడితే ప్రాణం పోయినంత పని చేసే మనిషి, తన నోట్లో చుక్కల్ని మాత్రం ఆర్నెల్లు ఊరికే వదిలేసింది. చివరికి నీళ్ళ మీటర్లు చూసే ఉద్యోగం చేసే మొగుడే ఒకరోజు వాష్‌బేసిన్ దగ్గర చూసి, పైపు ఎక్కడ కారుతున్నా ఊరుకోలేని తన అలవాటు కొద్దీ ఆమెను లాక్కెళ్ళి పళ్ళ డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టాడు.

డాక్టరమ్మకు ముప్పై ఐదుంటాయి. ఒంటిమీద కోటు మన టైలరమ్మ కుట్టిందే. ఎక్స్‌రే వెలుతురుకు అడ్డంగా పట్టుకుని తాపీగా చెప్పింది.

"చిగుళ్ళు వాచాయి. కింద ఎముక కొంచెం తగ్గింది. పళ్ళు ఇలా ఇరుక్కుని ఉంటే మీరెంత తోమినా సందుల్లోకి బ్రష్షు పోదు. పాచి అక్కడే కూర్చుంటుంది."

"ఇలాగే వదిలేస్తే?"

"ఐదారేళ్ళు. ముందు ఆ నాలుగూ కదులుతాయి. తరవాత మిగతావి."

"మరి ఏం చెయ్యాలి?"

"ముందు చిగుళ్ళు బాగుచేద్దాం. ఆ తరవాత క్లిప్పులు పెట్టి పళ్ళు సరి చేద్దాం. సందు దొరికితే మీరే శుభ్రం చేసుకుంటారు."

"ఈ వయసులో క్లిప్పులేంటి డాక్టరమ్మా. స్కూలు పిల్లలు పెట్టుకుంటారు గానీ."

"పన్నుకి మీ వయసు తెలీదు. చిగురు గట్టిగా ఉంటే మెల్లగా తోస్తే జరుగుతుంది. కాకపోతే నోరు శుభ్రంగా లేకుండా క్లిప్పులు పెడితే మంచి కన్నా చెడే ఎక్కువ. మూడు నెలలు చూస్తాను. చిగుళ్ళు గట్టిపడితేనే పెడతాను."

ఇంటికొచ్చి విషయం చెప్తే మొగుడు, "పళ్ళకి కంచె వేస్తారన్నమాట" అన్నాడు. అత్తగారు మాత్రం ఏమీ అనలేదు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఏమీ అనలేదంటే ఆలోచించాల్సిందే.

ఆ అత్తగారి సంగతి చెప్పాలి. డెబ్బై ఆరేళ్ళావిడ. టెలిఫోను ఎక్స్చేంజిలో ముప్పై ఏళ్ళు ఆపరేటరుగా చేసింది. గంట కొట్టినట్టు మాట. యాభై ఏళ్ళకే పళ్ళన్నీ పోయి పళ్ళసెట్టు వచ్చింది. అప్పట్నుంచి సెట్టు లేకుండా ఆవిడ మొహం కన్నకొడుకు కూడా చూసి ఎరగడు. పడుకోబోయే ముందు గదికి గడియ వేసుకున్నాకే తీసి, మూతున్న గాజుగ్లాసులో నీళ్ళు పోసి పెట్టేది. పొద్దున పెట్టుకున్నాకే గడియ తీసేది. ఒకసారి తెల్లవారుతూనే కింద ఇస్త్రీ పెట్టె కింద గుడ్డ కాలి ఇల్లంతా పొగ కమ్మితే అందరూ వీధిలోకి పరుగెత్తారు. ఈవిడ పళ్ళు పెట్టుకుని, జుట్టు సర్దుకుని, చెప్పులేసుకుని, అప్పుడు దిగింది.

ఆ సాయంత్రం కోడల్ని గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"నాకూ ఇలాగే రక్తం వచ్చిందే అమ్మాయ్. ఉప్పునీళ్ళు పుక్కిలించి ఊరుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం. నీ నోట్లో ఉన్నవి నీ సొంతం. నా నోట్లో ఉన్నవి అద్దెకొచ్చాయి. పోయి పెట్టించుకో."

టైలరమ్మకు భయం అప్పుడు పట్టుకుంది. డాక్టరు చెప్పినప్పుడు రాని భయం అత్తగారు గొంతు తగ్గించి చెప్పేసరికి వచ్చింది. తన పళ్ళు తన నోట్లోనే ఉండాలి. ఇక ఆమెకు కావలసింది అదొక్కటే.

మూడు నెలలు బుద్ధిగా చిగుళ్ళ వైద్యం చేయించుకుంది. రక్తం ఆగింది. డాక్టరమ్మ చిగురు మీద సన్నటి పుల్లతో తట్టి చూసి తల ఊపింది. పైన పది, కింద పది, మొత్తం ఇరవై బుల్లి ఉక్కు క్లిప్పులు పళ్ళకు అంటించి, వాటిమీదుగా తీగ వేసి, ఒక్కో క్లిప్పుకు తీగను బుల్లి రబ్బరు ఉంగరంతో బిగించింది. తరవాత పళ్ళబొమ్మ ఒకటి బల్లమీద పెట్టి పాఠం మొదలుపెట్టింది. తిన్న ప్రతిసారీ తోమాలి. క్లిప్పుకు పైన ఒకసారి, కింద ఒకసారి, బ్రష్షును ఏటవాలుగా పట్టి తోమాలి. తీగ కిందికి సీసాలు కడిగే బ్రష్షుకు బుల్లి చెల్లెలు లాంటిది ఒకటి పోనివ్వాలి. క్లిప్పు చుట్టూ పాచి నిలిస్తే, రేపు క్లిప్పు తీశాక పన్ను మీద తెల్లటి మచ్చ చట్రంలా మిగిలిపోతుంది. ఇస్త్రీ పెట్టె ఆనించి మర్చిపోతే గుడ్డమీద అచ్చు పడినట్టేనన్నమాట అని టైలరమ్మ మనసులో అనువదించుకుంది. ఆ మచ్చ ఉతికినా పోదని ఆమెకు వేరే చెప్పక్కర్లేదు.

చివర్లో డాక్టరమ్మ సన్నటి ప్లాస్టిక్ ఉచ్చులోకి మైనం పూసిన దారం ఎక్కించి, "ఇది అందరికీ కష్టంగా ఉంటుంది, కంగారు పడకండి. తీగ కిందనుంచి దూర్చి, రెండు పళ్ళ మధ్యకి దించి..." అంటుండగానే టైలరమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని, అద్దం కూడా చూసుకోకుండా దూర్చి, దించి, గీసి, పక్క సందుకి వెళ్ళిపోయింది.

"ఎక్కడ నేర్చుకున్నారు?" అంది డాక్టరమ్మ.

"కోటుకి అస్తరు వేసేది ఇలాగే కదండీ."

అలా ఆమె రోజుకు మూడుసార్లు నోట్లో అస్తరు పని పెట్టుకుంది. ఆపిలు కోసుకుని ముక్కలు తినేది. అంటుకునేవీ గట్టివీ మానేసింది. బుగ్గకు తీగ గుచ్చుకుంటే డాక్టరమ్మ ఇచ్చిన మైనం ఉండ చేసి అద్దుకునేది. పడుకోబోయే ముందు ఒక్కో క్లిప్పునూ బుల్లి బ్రష్షుతో తడిమి, గుండీలు లెక్కపెట్టినట్టు ఇరవై లెక్కపెట్టేది. ఇంత చేస్తున్నా ఆరో వారంలో కత్తెర పన్ను మీద క్లిప్పు ఊడి తీగకు వేలాడింది.

"ఆపిలు ముక్క పెద్దదైందేమో" అంది డాక్టరమ్మతో. నిజంగానే అలా అనుకుంది. డాక్టరమ్మ మళ్ళీ అంటించింది. ఇంకో నెలకు మళ్ళీ అదే క్లిప్పు. ఈసారి రొట్టె అంచు మీదికి పోయింది నేరం. డాక్టరమ్మ మొహం చిన్నబోయింది.

"ఎముక తక్కువున్న పళ్ళమ్మా ఇవి. క్లిప్పు ఊడిన ప్రతిసారీ పన్ను వెనక్కి పోతుంది, మళ్ళీ లాగాలి. మూడోసారి ఊడిందంటే ఇక లాగను. మొత్తం తీసేద్దాం."

అసలు దొంగను పట్టుకుంది అత్తగారు. మధ్యాహ్నం భోజనమయ్యాక కిటికీ పక్క కుర్చీలో కూర్చుని వీధి చూడటం ఆవిడ దినచర్య. టెలిఫోను చెవి కదా, చీమ తుమ్మినా వినిపిస్తుంది. ఒకరోజు వీధివైపు చూస్తూనే అంది.

"టిక్కు మళ్ళీ వినిపిస్తోందే."

"ఏ టిక్కు అత్తయ్యా?"

"నీ నోట్లో దారం చూసుకో."

చూసుకుంది. నిజంగానే నోట్లో దారం ఉంది. క్లిప్పులు పెట్టిన కొత్తలో పళ్ళు సలుపుతుంటే కత్తెర వాడింది. సలుపు తగ్గగానే తల తనంతట తనే వంగడం మొదలుపెట్టింది. ఆమెకు తెలిసి చేసింది కాదు. ఊపిరి తీస్తున్నామని ఎవరికి గుర్తుంటుంది?

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఫ్యాక్టరీలో వచ్చింది దానికేం తీసిపోదు. చిన్న కత్తెరకు రిబ్బను కట్టి మెడలో వేసుకుంది. కత్తెర మెడలో ఊగుతూనే ఉంది, తల వంగుతూనే ఉంది. మొగుడు అట్టముక్క మీద "కొరకరాదు" అని పెద్ద అక్షరాలతో రాసి మిషను పైన తగిలించాడు. బట్టలు ఇవ్వడానికొచ్చినాయన గుమ్మంలోనే ఆగి, "కుక్కని కట్టేశారా?" అని అడిగాడు. డాక్టరమ్మకు నిజం చెప్పేద్దామా అని రెండు మూడుసార్లు అనుకుంది. కానీ ఆపిలు చెప్పింది, రొట్టె చెప్పింది. ఇప్పుడు దారమంటే ఏం బాగుంటుంది? ఎలాగూ మానేస్తున్నాను కదా, మానేశాక చెప్పాల్సిన అవసరమే ఉండదు కదా అని సర్దిచెప్పుకుంది. మనసుకు సర్దిచెప్పడంలో ఎంత గట్టి కుట్టు వేసినా పిగిలేదాకానే.

అది పిగిలిన రోజు ఆమె చేతిలో ఉన్నది డాక్టరమ్మ కోటే. చేతులు అంగుళం పొడుగైనాయి, తగ్గించమని పంపింది. సాయంత్రానికి కావాలంది. పక్కన హోటల్ యూనిఫారాలు పదహారు కుప్పగా ఉన్నాయి. టైలరమ్మ కోటు చెయ్యి అంచు రెండు మడతలు వేసి, కుట్టు పైకి కనపడకుండా చేత్తో కుడుతూ చుట్టూ తిరిగి వచ్చింది. ఇంకా రెండంగుళాలుందనగా దారం అయిపోయింది. ముడి వేసింది. తల వంగింది. టిక్కుమంది. కొత్త దారం ఎక్కించి మిగతా రెండంగుళాలు మూసేసి, ఇస్త్రీ చేసి, మొగుడి చేతికిచ్చి పంపింది.

ఆ పూట పళ్ళు తోముకుంటూ లెక్కపెడితే పంతొమ్మిదే ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టింది. కత్తెర పన్ను మీద తీగ ఒంటరిగా పోతోంది. దారం రబ్బరు ఉంగరంలో చిక్కుకున్నట్టుంది, ఉంగరాన్నీ క్లిప్పునూ కలిపి లాగేసింది. చీపురుతో గదంతా ఊడ్చింది. గుండుసూదులు ఏరే అయస్కాంతం పట్టుకుని మోకాళ్ళ మీద నేలంతా తిరిగింది. పోయాయనుకున్న సూదులు ముప్పై ఆరు దొరికాయి, క్లిప్పు దొరకలేదు. నేలమీదే కూలబడి, అద్దె పళ్ళు, గడియ వేసిన గది, మూతున్న గ్లాసు అన్నీ తలుచుకుని ఏడ్చింది. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాల్సింది ఇంకా పన్నెండు రోజులకు. అంతవరకూ దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకుందామనుకుంది.

మూడోరోజు మధ్యాహ్నం డాక్టరమ్మే కోటు చేతిమీద వేసుకుని షాపులోకి వచ్చింది. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు టైలరమ్మ కింది పెదవి బిగించేసింది.

"కంగారేం లేదమ్మా. ఈ చెయ్యి అంచులో ఏదో గుచ్చుకుంటోంది, కొంచెం చూస్తారా?"

టైలరమ్మ వేలితో తడిమింది. మడతలో గింజంత గట్టిగా ఏదో ఉంది. తడమగానే ఆమెకు తెలిసిపోయింది. ఇరవై క్లిప్పుల్ని రోజూ తడిమే వేలు కదా. తలెత్తి చూస్తే డాక్టరమ్మ నిలబడి ఉంది, పక్కన కుర్చీలో అత్తగారు చూస్తోంది. చేసేదేముంది, ఆ రెండంగుళాల కుట్టు విప్పింది. కత్తిరించే బల్లమీద చిన్న చప్పుడుతో క్లిప్పు పడింది.

డాక్టరమ్మ దాన్ని వేలిచివర ఎత్తుకుని కిటికీ వెలుతుర్లో చూసింది.

"ఇది నేనంటించిందే."

టైలరమ్మ విప్పిన దారాన్ని వేలికి చుట్టుకుంది.

"రొట్టె కాదన్నమాట."

"కాదు డాక్టరమ్మా. ఆపిలు కూడా కాదు." ఆపైన ఫ్యాక్టరీ దగ్గర్నుంచి అట్టముక్కదాకా అంతా చెప్పేసింది.

డాక్టరమ్మ కోప్పడితే బాగుండేది. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది.

"రెండోసారి ఊడాక నేను జిగురు మార్చాను. నా చెయ్యే సరిగ్గా నొక్కట్లేదేమోనని, ఆ నెలలో క్లిప్పులు పెట్టినవాళ్ళందర్నీ మళ్ళీ పిలిపించి ఒక్కొక్కటీ చూసుకున్నాను. తప్పు నాదే అనుకున్నానమ్మా."

ఆ మాట టైలరమ్మకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. చాలా ఏళ్ళ కిందట ఆమె కుట్టిన కోటొకటి వీపు పిగిలి తిరిగొచ్చింది. తన చేతి కుట్టు పిగలడమేంటని కుమిలిపోయి, ఆ వారం కుట్టినవన్నీ విప్పి మళ్ళీ కుట్టింది. ఏడాది తరవాత తెలిసింది, ఆ పెద్దమనిషి ఆ కోటుతోనే గేటెక్కి దూకాడని. చెప్పలేదు. ఆరోజు ఆయన్ని ఎన్ని తిట్లు తిట్టుకుందో, ఇప్పుడు అవన్నీ లెక్క తప్పకుండా తిరిగొచ్చి తనమీదే పడ్డాయి.

"మీ చెయ్యి మంచిదే. తప్పంతా నాది" అంది. "మాననిదే మాటివ్వలేను, మానడం నావల్ల కావట్లేదు. తీసేస్తారా?"

డాక్టరమ్మ మిషను లైటు ఆమె మొహం వైపు తిప్పి, పెదవి కిందికి లాగి చూసింది. క్లిప్పుల చుట్టూ పాచి చుక్కయినా లేదు. చిగుళ్ళు గులాబి రంగులో గట్టిగా ఉన్నాయి.

"ఇంత శుభ్రమైన నోరు నా దగ్గర ఇంకెవరికీ లేదు. అందుకే తీసెయ్యడానికి మనసొప్పట్లేదు. ఇంకొక్కసారి అంటిస్తాను. కానీ మళ్ళీ ఊడితే ఆ ఎముక తట్టుకోదు, అప్పుడు నేనేం చెయ్యలేను. దారం సంగతి మీరే చూసుకోవాలి. నాకు పళ్ళు తెలుసు గానీ అలవాట్లు తెలీవు."

అప్పుడు అత్తగారు లేచింది. మేడ మెట్లెక్కి వెళ్ళింది. ఇద్దరూ ఆవిడ నొచ్చుకుందేమో అనుకున్నారు. కాసేపటికి గాజుగ్లాసు పట్టుకుని దిగొచ్చింది. గ్లాసులో సగానికి నీళ్ళు. మిషను దగ్గరికొచ్చి, కోడలి ముందే, పరాయి మనిషి ముందే, వీధి వైపు అద్దాల కిటికీ ముందే, నోట్లోంచి పళ్ళసెట్టు రెండు వరసలూ తీసి గ్లాసులో వేసింది. గ్లాసును తీసుకెళ్ళి దారం కండె పక్కన, సరిగ్గా లైటు పడేచోట పెట్టింది.

బుగ్గలు లోపలికి పోయి, గడ్డం ముక్కుకు దగ్గరగా వచ్చింది. ఇరవై ఏడేళ్ళు ఒకే ఇంట్లో ఉండి టైలరమ్మ ఆ మొహం చూడటం అదే మొదటిసారి. గంట లాంటి గొంతు గాలికి కొట్టుకుపోయి వచ్చింది.

"ఇవి చూస్తూ కొరుకు. ఎలా కొరుకుతావో నేనూ చూస్తాను."

ఎవరూ నవ్వలేదు. డాక్టరమ్మ లేచి నిలబడింది.

మర్నాడు పదింటికి షాపు తలుపు తియ్యగానే గ్లాసు వచ్చి దాని చోట కూర్చుంది. టైలరమ్మ కుట్టు ముగించింది. తల వంగబోయింది. నీళ్ళలో పళ్ళు రెండు వరసలూ ఆమెను చూసి ఇకిలించాయి. చెయ్యి కత్తెర మీదికి పోయింది. ఆరోజు అలా నలభైసార్లు జరిగింది. మర్నాడు ముప్పై. కత్తెరకు ఉద్యోగం దొరికింది.

మొదట్లో అత్తగారు రుమాలు అడ్డం పెట్టుకుని కూర్చునేది. వచ్చినవాళ్ళు గ్లాసు వైపు ఒకసారి, ఆవిడ వైపు ఒకసారి చూసేవాళ్ళు. యూనిఫారాల కోసం వచ్చిన హోటలాయన అలా మూడుసార్లు చూసేసరికి ఆవిడకు ఒళ్ళు మండి రుమాలు తీసేసింది. "ఏం నాయనా, నీకు రాని వయసా ఇది? కూర్చో" అంది. ఆయన కూర్చున్నాడు. వారం తిరిగేసరికి రుమాలు మేడమీదే ఉండిపోయింది. భోజనానికి పళ్ళు పెట్టుకునేది, చెయ్యి కడుక్కోగానే మళ్ళీ గ్లాసులో వేసేది. బోసినోటితోనే ఎక్స్చేంజి కబుర్లన్నీ చెప్పేది. సగం మాటలు గాలిలో పోయినా వినేవాళ్ళు నవ్వేవాళ్ళు, ఆవిడా నవ్వేది. గది గడియ వెయ్యడం ఎప్పుడు మానేసిందో ఎవరూ గమనించలేదు.

నెల గడిచాక టైలరమ్మ అంది, "చెయ్యి మాట వింటోంది అత్తయ్యా. ఇంక పెట్టుకోండి."

"నీ చెయ్యిని నేను నమ్మను. ఆ డాక్టరు తీగ తీసిన రోజు చూద్దాం."

ఆ రోజు రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలల్లో ఒక్క క్లిప్పు కూడా ఊడలేదు. తీగలు మారాయి. పళ్ళు ఒక్కొక్కటే తోపులాట మాని వరసలోకొచ్చాయి. మధ్యలో ఒకటి రెండుసార్లు డాక్టరమ్మ ఫోను చేసి, ఇక్కడొకావిడ తీగ కింద దారం దూర్చడం రాక ఏడుస్తోంది, వచ్చి చూపిస్తారా అని అడిగింది. టైలరమ్మ మెడలో టేపుతోనే వెళ్ళి చూపించి వచ్చింది.

తీగ తీసిన రోజు డాక్టరమ్మ పళ్ళన్నీ మెరుగుపెట్టి అద్దం చేతికిచ్చింది. మచ్చలు లేవు. కత్తెర పన్ను ఎక్కడుందో టైలరమ్మకే వెతుక్కోవాల్సి వచ్చింది. అందరిలా ముందుకు చూస్తూ బుద్ధిగా నిలబడి ఉంది.

"ఇల్లలకగానే పండగైపోదు. పళ్ళకి పాత చోటు గుర్తుంటుంది, వదిలేస్తే అటే పోతాయి" అంటూ డాక్టరమ్మ కింది పళ్ళ వెనక సన్నటి తీగ అంటించింది, పైవాటికి పడుకునేప్పుడు పెట్టుకోవడానికి తొడుగు ఒకటి డబ్బాలో పెట్టి ఇచ్చింది. "రోజూ పెట్టుకోవాలి. రోజూ కడగాలి. దారం మాత్రం జన్మలో కొరక్కండి."

"మా అత్తగారు కొరకనివ్వరండీ" అంది టైలరమ్మ.

ఇంటికొచ్చేసరికి అత్తగారు కిటికీ పక్క కుర్చీలోనే ఉంది. గ్లాసు మిషను మీద దాని చోట ఉంది. టైలరమ్మకు నవ్వొచ్చింది. చెయ్యి సగందాకా లేచి, పనేం లేక దిగిపోయింది. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని, కోడలి గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పి, గుడ్డ నాణ్యం చూసినట్టు పైవరస, కిందివరస చూసింది. చాలాసేపు చూసింది.

"బాగున్నాయి. నీవే" అంది. తరవాత చెయ్యి చాపింది. "ఇంక నా పళ్ళు నాకియ్యి."

టైలరమ్మ గ్లాసును రెండు చేతులతో తెచ్చి ఇచ్చి, పాత మర్యాద కొద్దీ గోడవైపు తిరిగి నిలబడింది.

"ఎటు తిరుగుతున్నావే. నువ్వు చూడనిదేముంది ఇందులో" అంది అత్తగారు, ఆమె చూస్తుండగానే పళ్ళు పెట్టుకుంటూ.